సురయ్యా నుంచి ఆరుద్ర దాకా: నక్షత్రం పుట్టి, వెలిగి, ఆరిపోయే కథ

సురయ్యా ఖాలా, పర్వీన్ ఆపా లేని ఖాందాన్ మనలో తక్కువ. ఆ రెండు పేర్లూ ఆకాశంలో ఉన్న ఒకే నక్షత్రాల గుంపువి. అరబీలో సురయ్యా, ఫార్సీలో పర్వీన్. తెలుగు పంచాంగంలో అదే గుంపు పేరు కృత్తిక. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. తల్లికోడి చుట్టూ పిల్లలు మూగినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఎండాకాలంలో రోహిణి కార్తె, వానలు మొదలయ్యాక ఆరుద్ర కార్తె అని రైతులు చెప్పుకుంటారు కదా. ఆ రోహిణీ, ఆరుద్రా కూడా నిజమైన నక్షత్రాలే. సూర్యుడు వాటి వైపు ఉన్న రోజులనే ఆ కార్తెలుగా లెక్క కడతారు.

ఇవన్నీ ఆకాశంలో దగ్గర దగ్గరగానే ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఇషా నమాజు అయ్యాక డాబా ఎక్కి చూస్తే ఒకే చూపులో దొరుకుతాయి. విశేషం ఏంటంటే, నక్షత్రం జీవితంలోని ముఖ్యమైన దశలన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. పుడుతున్నవి, పిల్లలు, నడివయసువి, ముసలివి, చనిపోయినవి. ఈ వ్యాసంలో వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నక్షత్రం ఎంతకాలం బతుకుతుంది, ఏ రంగులో వెలుగుతుంది, ఎలా చస్తుంది అన్నవన్నీ దాదాపు ఒకే లెక్క మీద ఆధారపడతాయి. అది పుట్టినప్పుడు ఎంత బరువుతో పుట్టింది అన్న లెక్క. వ్యాపార భాషలో చెప్పాలంటే అదే దాని మొదటి పెట్టుబడి.

ముందు చిరునామా తెలుసుకుందాం

డిసెంబరులో తూర్పు వైపు, ఫిబ్రవరిలో నెత్తికి కాస్త దక్షిణంగా చూడండి. ఒకే గీతలో దగ్గర దగ్గరగా మూడు చుక్కలు కనిపిస్తాయి. చాలా ఊళ్లలో వీటిని గొల్లకావడి అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది ఓరియన్ నడుముపట్టీ. పాత అరబ్బులు ఈ మొత్తం ఆకారాన్ని అల్-జౌజా అన్నారు. ఉర్దూలో ఇప్పుడు జౌజా అంటే మిథున రాశి, కానీ అప్పట్లో ఈ గుంపుకే ఆ పేరు.

ఈ మూడు చుక్కలకు ఒక పక్కన ఎర్రగా ఒక పెద్ద చుక్క ఉంటుంది. అదే ఆరుద్ర. ఇంగ్లీషులో బెటెల్‌గ్యూజ్. అరబీలో యద్ అల్-జౌజా, అంటే జౌజా చెయ్యి. లాటిన్‌లోకి రాసుకునేటప్పుడు 'య' అక్షరాన్ని 'బ'గా చదవడంతో పేరు అలా మారిపోయింది. అరబీ లిపిలో ఈ రెండింటికీ తేడా ఒక చుక్కే కదా. రెండో పక్కన నీలం కలిసిన తెల్లటి చుక్క రైజెల్. అది అరబీ మాట రిజ్ల్, అంటే పాదం.

గొల్లకావడి గీతను వాయవ్యం వైపు పొడిగిస్తే నారింజ రంగు చుక్క రోహిణి దగ్గరకు వెళ్తారు. దాని పేరు అల్డెబరాన్. అరబీలో అద్-దబరాన్ అంటే వెనకాల వచ్చేది. ఎవరి వెనకాల? సురయ్యా వెనకాల. ఇంకాస్త ముందుకు వెళ్తే సురయ్యా గుంపు ఉంటుంది. అదే గీతను రెండో వైపు, ఆగ్నేయానికి పొడిగిస్తే రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా కనిపించే నక్షత్రం సిరియస్ వస్తుంది. అరబీలో షిఅరా. ఖుర్ఆన్‌లో సూరా నజ్మ్‌లో పేరుతో ప్రస్తావన వచ్చిన నక్షత్రం ఇదే.

ఈ పేర్లు ఇంగ్లీషు పుస్తకాల దాకా చేరడం వెనక పెద్ద కృషి ఉంది. ఇరాన్‌కు చెందిన అబ్దుర్రహ్మాన్ అస్-సూఫీ 964లో స్థిర నక్షత్రాల మీద అరబీలో పుస్తకం రాశారు. అంతకు 800 ఏళ్ల ముందు టాలెమీ ఇచ్చిన పట్టికను అలాగే దించెయ్యలేదు. తన కంటితో చూసి, ప్రకాశం లెక్కలు సరిచేసి రాశారు. మనం ఇప్పుడు ఆండ్రోమెడా గెలాక్సీ అంటున్న మసక మచ్చను చిన్న మబ్బుగా మొదట రాసిపెట్టింది ఆయనే.

పుట్టుక: మబ్బులోంచి మంట

గొల్లకావడి కింద సన్నగా వేలాడుతున్నట్టు మరో మూడు మసక చుక్కలు ఉంటాయి. మధ్య చుక్కను జాగ్రత్తగా చూడండి. అది చుక్కలా ఉండదు, పొగలా ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. అదే ఓరియన్ నెబ్యులా. మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాంతి సంవత్సరం అంటే వెలుగు ఒక ఏడాదిలో వెళ్లే దూరం, దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు.

ఈ పొగ నక్షత్రాల కాన్పుగది. నక్షత్రాల మధ్య ఉండే వాయువు చాలావరకు హైడ్రోజన్, తర్వాత హీలియం, వాటితో పాటు కాస్త దుమ్ము. ఇలాంటి పెద్ద మబ్బుల లోపల చలి మైనస్ 260 డిగ్రీల దాకా ఉంటుంది. అంత చల్లగా ఉండటం వల్లే నక్షత్రం పుట్టగలుగుతుంది. వేడిగా ఉన్న వాయువు బయటికి వ్యాపిస్తుంది. చల్లబడితే ఆ తోపుడు తగ్గి, సొంత బరువు లోపలికి లాగడం మొదలుపెడుతుంది. ఆ లాగుడే గురుత్వాకర్షణ.

ఎక్కడో ఒకచోట వాయువు కాస్త చిక్కబడితే అది చుట్టుపక్కల దాన్ని లాక్కుంటుంది. బరువు పెరిగిన కొద్దీ లాగే బలం పెరుగుతుంది. ముద్ద చిన్నదవుతూ వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింది భాగం వేడెక్కుతుంది చూడండి, వాయువును నొక్కితే వేడి పుడుతుంది. ఇక్కడా అంతే. ముద్ద చుట్టూ మిగిలిన వాయువు, దుమ్ము రొట్టెలా చదునుగా తిరుగుతుంటాయి. గ్రహాలు పుట్టేది ఆ రొట్టెలోనే. ఓరియన్ నెబ్యులాలో ఇలాంటి దుమ్ము చక్రాలు ఉన్న పసి నక్షత్రాలను 1990లలో హబుల్ టెలిస్కోపు ఫొటోలు తీసింది.

నడిమధ్య వేడి కోటి డిగ్రీలు దాటాక హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం కావడం జోరందుకుంటుంది. అప్పుడది పూర్తి నక్షత్రం అయినట్టు. మన సూర్యుడికి ఈ దశకు రావడానికి దాదాపు 5 కోట్ల ఏళ్లు పట్టింది. అందరికీ ఈ అదృష్టం ఉండదు. సూర్యుడి బరువులో 8 శాతం కూడా లేని ముద్దల్లో ఆ వేడి పుట్టదు. అవి మసకగా కాసేపు వెలిగి చల్లారిపోతాయి. వాటిని గోధుమ మరుగుజ్జులు అంటారు.

సురయ్యా గుంపు ఈ కాన్పుగది నుంచి బయటికొచ్చిన పిల్లల లాంటిది. కంటికి ఆరేడు చుక్కలే కనిపిస్తాయి గానీ అందులో వెయ్యికి పైగా నక్షత్రాలు ఉన్నాయి. ఒకే మబ్బులోంచి పుట్టిన తోబుట్టువులు. వయసు దాదాపు 10 కోట్ల ఏళ్లు. 460 కోట్ల ఏళ్ల సూర్యుడి ముందు పసిపిల్లలే.

వెలుగు: సూర్యుడి రోజువారీ ఖర్చు

సూర్యుడు ఎలా మండుతున్నాడు అన్న ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. అంత బరువూ బొగ్గే అనుకుంటే కొన్ని వేల ఏళ్లలో బూడిదైపోవాలి. 1920లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్, హైడ్రోజన్ హీలియంగా మారడమే దీనికి కారణం కావచ్చన్నారు. అది ఏయే మెట్లలో జరుగుతుందో 1939లో హాన్స్ బేతే లెక్కగట్టి చూపించారు. 1967లో ఆయనకు నోబెల్ వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. సూర్యుడి నడిబొడ్డున వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియం అవుతుంది. కానీ తయారైన హీలియం బరువు చూస్తే 40 లక్షల టన్నులు తక్కువ తేలుతుంది. ఆ తరుగు ఎక్కడికీ పోలేదు, శక్తిగా మారింది. మనకు ఎండగా అందేది ఆ తరుగే.

మరి అంత మంట ఉన్నప్పుడు సూర్యుడు బాంబులా ఎందుకు పేలిపోడు? రెండు బలాలు సరిసమానంగా తూగుతున్నాయి కాబట్టి. బరువు లోపలికి నొక్కుతుంది. వేడి వల్ల పుట్టే ఒత్తిడి బయటికి తోస్తుంది. మంట కాస్త పెరిగితే నక్షత్రం ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది, చల్లబడితే మంట తగ్గుతుంది. మంట తగ్గితే మళ్లీ కుంచించుకుని వేడెక్కుతుంది. తనను తానే సర్దుకుంటుంది. జమా ఖర్చుల పుస్తకంలో రెండు వైపులా మొత్తం సరిపోయినట్టు. నక్షత్రం జీవితంలో ఎక్కువ భాగం ఈ సమతూకంలోనే గడిచిపోతుంది.

నడిబొడ్డున పుట్టిన శక్తి తిన్నగా బయటికి రాదు. కిక్కిరిసిన బజారులో మనిషిలా అడుగడుగునా తగులుకుంటూ పైకి రావడానికి వేల ఏళ్లు, లక్షల ఏళ్లు పడుతుంది. పైకి చేరాక మాత్రం 8 నిమిషాల 20 సెకన్లలో మన మీద పడుతుంది.

పెట్టుబడి ఎక్కువ, ఆయుష్షు తక్కువ

ఎక్కువ ఇంధనం ఉన్న నక్షత్రం ఎక్కువ కాలం బతుకుతుందని అనిపిస్తుంది. నిజం దీనికి తలకిందులు.

బరువైన నక్షత్రం లోపల నొక్కుడు ఎక్కువ. దాన్ని ఆపడానికి మంట కూడా ఎక్కువ కావాలి. సూర్యుడికి 10 రెట్ల బరువున్న నక్షత్రం ఇంచుమించు 3,000 రెట్ల జోరుగా మండుతుంది. పెట్టుబడి 10 రెట్లు, ఖర్చు 3,000 రెట్లు. ఇక ఆ దుకాణం ఎన్నాళ్లు నడుస్తుంది? సూర్యుడి మొత్తం ఆయుష్షు దాదాపు 1,000 కోట్ల ఏళ్లయితే దీనిది 3 కోట్ల ఏళ్లు.

చిన్న నక్షత్రాల సంగతి వేరు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, దూరం 4.24 కాంతి సంవత్సరాలు. సూర్యుడి బరువులో ఎనిమిదో వంతు ఉంటుంది. కంటికి కనిపించనంత మసక. కానీ ఇలాంటి ఎర్ర మరుగుజ్జులు పొదుపుగా ఖర్చు పెట్టుకుంటూ లక్షల కోట్ల ఏళ్లు బతుకుతాయి. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు కాబట్టి, ఈ రకం చిన్న నక్షత్రాల్లో ఒక్కటి కూడా ఇంతవరకు ముసలితనంతో చనిపోలేదు.

రంగు చూసి కూడా వేడి చెప్పొచ్చు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పసుపుగా, ఆ తర్వాత తెల్లగా మారుతుంది కదా. నక్షత్రాలూ అంతే. ఎర్రటి ఆరుద్ర పైభాగం 3,500 డిగ్రీల లోపు. సూర్యుడిది 5,500. నీలం తెలుపు రైజెల్‌ది దాదాపు 12,000. ఈసారి ఆరుద్రనూ రైజెల్‌నూ ఒకేసారి చూసి పోల్చుకోండి, తేడా కంటికే తెలిసిపోతుంది.

ఇవన్నీ ఎలా తెలిశాయి?

ఎవరూ వెళ్లి చూడలేదు కదా అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్యలో నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు, మన వేలిముద్రల్లాగా. వేడిని బట్టి ఆ గీతలు ఎలా మారతాయో 1920లో మన మేఘనాథ్ సాహా సూత్రం ఇచ్చారు. దాన్ని వాడి 1925లో అమెరికాలో పాతికేళ్ల సిసీలియా పేన్ నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేల్చారు. నక్షత్రాలు భూమి లాంటి పదార్థంతోనే తయారయ్యాయని పెద్దలు నమ్ముతున్న రోజులవి. ముందు ఆ మాటను తోసిపుచ్చినవాళ్లే కొన్నేళ్లకు ఒప్పుకున్నారు.

ఈ కథలో హైదరాబాద్‌కు కూడా చోటుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇక్కడ ఒక అబ్జర్వేటరీ పెట్టారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. అదే బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ. ప్రపంచమంతా కలిసి ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేసిన పనిలో ఒక భాగం హైదరాబాద్‌కు దక్కింది. లక్షల నక్షత్రాల స్థానాలు ఇక్కడ కొలిచారు. 1919 నుంచి ఇది ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ఇక్కడి ఉద్యోగి కొడుకు వైను బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక పద్ధతి చెప్పారు. చల్లటి నక్షత్రాల వెలుగులో కాల్షియం గీత ఎంత వెడల్పుగా ఉందో కొలిస్తే ఆ నక్షత్రం అసలు వెలుగెంతో చెప్పొచ్చు. ఈనాటికీ ఆ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

రోహిణి: సూర్యుడి రేపటి ముఖం

సూర్యుడి నడిబొడ్డున హైడ్రోజన్ ఇంకో 500 కోట్ల ఏళ్లకు సరిపోతుంది. అది అయిపోయాక లోపలి భాగం కుంచించుకుపోతుంది, పై పొరలు మాత్రం ఉబ్బుతాయి. ఉబ్బిన పైభాగం చల్లబడి ఎర్రబారుతుంది. దాన్ని ఎర్ర రాక్షస నక్షత్రం అంటారు.

ఎలా ఉంటుందో చూడాలంటే రోహిణిని చూడండి. బరువు సూర్యుడి కంటే కాస్తే ఎక్కువ, కానీ వెడల్పు 44 రెట్లు. 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఇంచుమించు సూర్యుడంతే బరువుతో పుట్టి, ముందుగా ముసలిదైన నక్షత్రం. సూర్యుడు ఉబ్బినప్పుడు బుధుడు, శుక్రుడు మింగుడుపడతాయి, భూమి కూడా తప్పించుకోవడం కష్టమే.

అయితే భూమికి గడువు అంతకంటే ముందే ఉంది. సూర్యుడి వెలుగు వంద కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం చొప్పున పెరుగుతోంది. అంటే ఇంకో వంద కోట్ల ఏళ్ల తర్వాత సముద్రాలు నిలబడటమే కష్టం. మనకూ మన ముని ముని మనవళ్లకూ దీనితో పనిలేదు గానీ, లెక్క మాత్రం ఇది.

ఎర్ర రాక్షస దశలో లోపల వేడి 10 కోట్ల డిగ్రీలకు చేరితే హీలియం మండి కార్బన్, ఆక్సిజన్ అవుతాయి. సూర్యుడి బరువుకు అంతకుమించి శక్తి లేదు. పై పొరలు మెల్లగా విడిపోయి రంగుల పొగలా వ్యాపిస్తాయి. మధ్యలో భూమి అంత సైజులో తెల్లటి నిప్పు ముద్ద మిగులుతుంది. అదే శ్వేత మరుగుజ్జు. అందులో కొత్తగా ఏదీ మండదు. ఉన్న వేడితో మెల్లగా చల్లారుతుంది.

షిఅరా పక్కన ఉన్న కళేబరం

సిరియస్ ఒంటరిది కాదు. 1844లో జర్మనీకి చెందిన బెస్సెల్ దాని నడకలో ఊపు గమనించి, పక్కన కనిపించని తోడు ఉందన్నారు. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త టెలిస్కోపు పరీక్షిస్తుంటే ఆ తోడు కనిపించింది. బరువు సూర్యుడంత, సైజు భూమంత. దానిలోంచి ఒక టీస్పూను పదార్థం తీస్తే కొన్ని టన్నులు తూగుతుంది. అది శ్వేత మరుగుజ్జు.

ఇప్పుడు మన పెట్టుబడి సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడండి. రెండు నక్షత్రాలూ కలిసే పుట్టాయి. మనం చూస్తున్న సిరియస్ బరువు సూర్యుడికి 2 రెట్లు, ఇంకా వెలుగుతోంది. చనిపోయినది మొదట్లో దాదాపు 5 రెట్ల బరువుది. ఎక్కువ ఉన్నదే ముందు పోయింది.

శ్వేత మరుగుజ్జు ఎంత బరువైనా మోయగలదా? 1930లో 19 ఏళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ దీని మీద లెక్కలు వేశారు. ఒక హద్దు ఉందని తేలింది. ఈనాటి లెక్కలో అది సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు. అది దాటితే కూలిపోవాల్సిందే. 1935లో ఎడింగ్టన్ అంతటి పెద్దాయన నిండు సభలో ఈ లెక్కను ఎగతాళి చేశారు. చంద్రశేఖర్ లెక్కే నిజమైంది. 1983లో నోబెల్ వచ్చింది.

ఆరుద్ర: పేలబోయే నక్షత్రం

సూర్యుడికి ఎనిమిది రెట్లకు మించి బరువుతో పుట్టిన నక్షత్రాల చావు ఇలా మెల్లగా ఉండదు. ఆరుద్ర ఆ కోవలోది. బరువు సూర్యుడికి 15 నుంచి 20 రెట్లు. సూర్యుడి చోట పెడితే అంగారకుడి కక్ష్య దాటిపోయేంత వెడల్పు. వయసు కోటి ఏళ్లకు అటూఇటూ. అయినా ముసలిదే.

ఇలాంటి నక్షత్రం లోపల ఒక ఇంధనం అయిపోగానే ఇంకోటి అంటుకుంటుంది. సూర్యుడికి 25 రెట్ల బరువున్న నక్షత్రానికి శాస్త్రవేత్తలు వేసిన లెక్క చూడండి. హైడ్రోజన్ సుమారు 70 లక్షల ఏళ్లు వస్తుంది. హీలియం కొన్ని లక్షల ఏళ్లు. కార్బన్ 600 ఏళ్లు. నియాన్ ఒక ఏడాది. ఆక్సిజన్ ఆరు నెలలు. సిలికాన్ ఒకే ఒక్క రోజు. ఆ రోజు చివర్లో మిగిలేది ఇనుము. ఇనుమును కలిపితే శక్తి రాదు, ఎదురు శక్తి పెట్టాలి. అంటే నష్టం వ్యాపారం. మంట ఆగిపోతుంది.

ఇనుప ముద్ద బరువు చంద్రశేఖర్ హద్దు దాటగానే, భూమంత సైజున్న ఆ ముద్ద సెకను లోపే 20 కిలోమీటర్ల వెడల్పు ఉండలా కూలిపోతుంది. ఆ దెబ్బకు పై పొరలు చెదిరిపోతాయి. ఇదే సూపర్‌నోవా. శక్తిలో 99 శాతం న్యూట్రినోలు అనే కంటికి కనిపించని కణాలు పట్టుకుపోతాయి. 1987 ఫిబ్రవరిలో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినప్పుడు, ఆ వెలుగు కనపడటానికి కొన్ని గంటల ముందే జపాన్, అమెరికా, రష్యాల్లోని పరికరాల్లో రెండు డజన్ల న్యూట్రినోలు చిక్కాయి. ఆ పేలుడు జరిగింది 1.68 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో.

ఆరుద్ర రేపో మాపో పేలి భూమి నాశనమవుతుందని వాట్సాప్‌లో అప్పుడప్పుడు మెసేజులు తిరుగుతుంటాయి. 2019 చివర్లో అది బాగా మసకబారినప్పుడు ఈ భయం ఎక్కువైంది. 2020 ఫిబ్రవరి తర్వాత మళ్లీ మామూలైంది. అది వదిలిన వాయువు చల్లబడి దుమ్ముగా మారి మనకు అడ్డం వచ్చిందని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. పేలడం ఖాయమే, కానీ లక్ష ఏళ్ల లోపు ఎప్పుడో ఒకప్పుడు. దూరం 500 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య కాబట్టి మనకు ప్రమాదం లేదు. పేలితే కొన్ని వారాల పాటు పగలు కూడా కనిపిస్తుంది, రాత్రి దాని వెలుగుకు నీడ పడుతుంది. అలాంటి మెసేజ్ ఈసారి వస్తే పిల్లలను భయపెట్టకుండా డాబా మీదికి తీసుకెళ్లి ఆ నక్షత్రాన్నే చూపించండి.

చూసి రాసిపెట్టినవాళ్లు

1006 ఏప్రిల్ 30 ప్రాంతంలో దక్షిణాకాశంలో కొత్త నక్షత్రం కనిపించింది. చరిత్రలో నమోదైన వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనది అదే. ఈజిప్టులో అప్పటికి చదువుకుంటున్న యువకుడు అలీ ఇబ్న్ రిద్వాన్ దాన్ని చూశారు. తర్వాత కైరోలో పేరున్న హకీమ్ అయ్యారు. టాలెమీ పుస్తకం మీద రాసిన వ్యాఖ్యలో ఆ నక్షత్రం గురించి వివరంగా రాశారు. శుక్రుడి కంటే రెండున్నర నుంచి మూడు రెట్లు పెద్దగా కనిపించిందని, చంద్రుడి వెలుగులో పావు వంతుకు కాస్త పైనే ఉందని. అంతటితో ఆగకుండా ఆ రోజు సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఏ స్థానంలో ఉన్నాయో కూడా రాసిపెట్టారు. చైనా, జపాన్, స్విట్జర్లాండ్ రాతలతో పాటు ఆ వివరాల వల్లే ఈ కాలం శాస్త్రవేత్తలు తేదీ, చోటు తేల్చగలిగారు. ఇప్పుడక్కడ సుమారు 7,000 కాంతి సంవత్సరాల దూరంలో వ్యాపిస్తున్న వాయు గోళం ఉంది. అక్కడ పేలింది శ్వేత మరుగుజ్జు. తోడు నక్షత్రం పదార్థం కలిసి బరువు పెరిగినప్పుడు అలా జరుగుతుంది.

1054లో ఇంకొకటి. చైనావాళ్లు జులై 4న చూశామని, 23 రోజులు పగలు కూడా కనిపించిందని రాశారు. బాగ్దాద్ హకీమ్ ఇబ్న్ బుత్లాన్ కూడా ఆ రోజుల్లో కొత్త నక్షత్రం వచ్చిందని రాశారు. రోహిణికి కాస్త దూరంలోనే ఉన్న ఆ చోట ఇప్పుడు క్రాబ్ నెబ్యులా ఉంది. దాని మధ్యలో సెకనుకు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ నక్షత్రం 1968లో దొరికింది.

న్యూట్రాన్ నక్షత్రం అంటే సూర్యుడి కంటే ఎక్కువ బరువు 20 కిలోమీటర్ల వెడల్పులో కుక్కినట్టు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల హాయిగా పట్టేస్తుంది. ఒక టీస్పూను తీస్తే వంద కోట్ల టన్నులకు పైనే. మిగిలిన ముద్ద అంతకంటే బాగా బరువైతే దాన్ని ఏదీ ఆపలేదు, బ్లాక్ హోల్ అవుతుంది. వెలుగు కూడా బయటికి రాలేదు.

మిగిలిన ఆస్తి ఎవరికి?

నక్షత్రం పోయాక దాని ఆస్తి పంపకం మొదలవుతుంది. విశ్వం మొదట్లో ఉన్నవి దాదాపు హైడ్రోజన్, హీలియం మాత్రమే. మిగతా మూలకాల్లో చాలావరకు నక్షత్రాల్లో, వాటి చావులో తయారయ్యాయి. మనం పీల్చే ఆక్సిజన్ ఎక్కువగా ఆరుద్ర లాంటి పెద్ద నక్షత్రాలది. రక్తంలోని ఇనుములో పెద్ద భాగం 1006లో పేలిన లాంటి శ్వేత మరుగుజ్జులది. ఎముకల్లోని కాల్షియం ఈ రెండు రకాల పేలుళ్లదీ.

బంగారం సంగతి ఇంకా అరుదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంకేతం భూమికి అందింది. ఆ వెలుగును పరిశీలిస్తే బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు అక్కడ తయారవుతాయని రుజువు దొరికింది. నికాహ్‌లో అమ్మాయికి పెట్టే హారం సూర్యుడి కంటే పాతది. భూమి ముద్దకట్టక ముందే ఆ బంగారం ఎక్కడో ఒక నక్షత్రాల చావులో పుట్టి, మబ్బులో కలిసి, ఆ మబ్బులోంచి సూర్యుడితో పాటు మనకు వచ్చింది.

ఆ పంపకం ఇంకా జరుగుతూనే ఉంది. గొల్లకావడి కింద కనిపించే ఆ మసక పొగలో పాత నక్షత్రాలు వదిలిన దుమ్ము ఉంది, దానిలోంచి కొత్తవి పుడుతున్నాయి. ఆరుద్ర పేలిన రోజు దాని వంతు కూడా ఏదో ఒక మబ్బులో కలుస్తుంది. చూడాలంటే టెలిస్కోపు అక్కర్లేదు. కరెంటు దీపాల వెలుగు తక్కువ ఉన్న చోటు, నెలవంక త్వరగా అస్తమించే రోజు, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా పావుగంట ఓపిక ఉంటే చాలు.